ఫోను కిరణాలూ, పిల్లల కళ్లూ

మొబైల్ షాపుల్లో కవర్లు, ఛార్జర్ల పక్కన చిన్న బంగారు రంగు బిళ్ల ఒకటి వేలాడుతూ ఉంటుంది, గమనించారా? ఫోను వెనక అంటిస్తే రేడియేషన్ అంతా అదే పీల్చేస్తుందని చెప్పి అమ్ముతారు. వాట్సాప్ సందేశాల సంగతి సరేసరి. చీకట్లో ఫోను చూస్తే కిరణాలు కంటి నరాన్ని కాల్చేస్తాయని, తల పక్కన ఫోను పెట్టుకుని పడుకుంటే చూపు పోతుందని నెలకొకటైనా ఏదో ఒక గ్రూపులో వస్తుంది. మా కింద ఫ్లోర్ వదినగారైతే మనవరాలికి కళ్లద్దాలు రాశారని తెలిసిన సాయంత్రమే ఆ బిళ్ల తెప్పించి ఇంట్లో నాలుగు ఫోన్లకీ అంటించారు. "ముఖానికి ఆనించుకుని చూస్తుంది కదమ్మా, ఆ కిరణాలన్నీ కళ్లలోకే కదా పోయేది" అన్నారు.

ఆవిడ భయం గాల్లోంచి పుట్టింది కాదు. కంటికి కనపడని కిరణాలు కంటిని పాడుచేసిన రోజులు నిజంగానే ఉన్నాయి. ఆ పాత కథ తెలిస్తే ఫోను దగ్గర ఎంత భయపడాలో, అసలు భయపడాల్సింది దేనికో మనకే అర్థమవుతుంది. అందుకని కొంచెం వెనక నుంచి మొదలుపెడతాను.

ముందు గాజు బట్టీలు. యూరప్‌లో ఏళ్ల తరబడి కరిగిన గాజు ముందు నిలబడి పనిచేసిన వాళ్లకి చిన్న వయసులోనే శుక్లాలు వచ్చేవి. ఎర్రగా మండే బట్టీ నుంచి వెలుగుతో పాటు కనపడని వేడి కిరణాలు కూడా వస్తాయి. మన కంట్లో నల్లపాప వెనక ఉండే లెన్సుకి రక్తనాళాలు లేవు. చెయ్యి కాలితే ఆ వేడిని రక్తం కొంతవరకు మోసుకుపోతుంది. లెన్సుకి ఆ వసతి లేదు. వేడి అక్కడే నిలిచిపోయి, పారదర్శకంగా ఉన్న మాంసకృత్తులు మెల్లగా తెల్లబడతాయి. కోడిగుడ్డు తెల్లసొన పెనం మీద తెల్లబడటం రోజూ చూసేదే కదా, ఇంచుమించు అలాంటిదే, కాకపోతే ఏళ్లు పడుతుంది.

తరవాత వచ్చింది రాడార్. రెండో ప్రపంచయుద్ధంలో శత్రు విమానాల్ని కనిపెట్టడానికి శక్తివంతమైన మైక్రోవేవ్ తరంగాలు వాడారు. యుద్ధం అయ్యాక ఆ యంత్రాల దగ్గర పనిచేసిన వాళ్ల గతేమిటన్న అనుమానం వచ్చింది. 1948లో అమెరికా పరిశోధకులు కుందేళ్ల కళ్ల మీదకి మైక్రోవేవ్‌లు పంపితే శుక్లాలు వచ్చాయి. 1952లో మైక్రోవేవ్ యంత్రం నడిపే ఒక టెక్నీషియన్‌కి రెండు కళ్లలోనూ లెన్సు మసకబారిందని ఒక వైద్య పత్రికలో వచ్చింది. మనిషికి ఇలా జరిగిందని రాసిన మొదటి కేసు అది. ఫోను తరంగాలు కూడా ఆ జాతివే కాబట్టి వదినగారి భయానికి అసలు వేరు ఇక్కడుందని నా అనుకోలు.

అయితే ఆ కుందేళ్ల కథలో వాట్సాప్ సందేశాలు వదిలేసే ముక్క ఒకటుంది. శుక్లం రావాలంటే కన్ను బాగా వేడెక్కేంత శక్తి పడాలి. తక్కువ శక్తి అయితే ఎంతసేపు పడినా ఆ కుందేళ్లకి శుక్లం రాలేదు. ఆ లెక్కతోనే అమెరికాలో మనుషుల మీద చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీవాట్లు దాటకూడదని హద్దు పెట్టుకున్నారు, తరవాత ఇంకా తగ్గించారు. మన వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ పుట్టింది కూడా ఆ రాడార్ గొట్టంలోంచే. ఓవెన్ లోపల ఏడెనిమిది వందల వాట్లు తిరుగుతాయి గనకనే దానికి లోహపు పెట్టె, జల్లెడలాంటి తలుపు. తలుపు తీస్తే ఆగిపోవాలన్న ఏర్పాటూ అందుకే. తలుపు సరిగ్గా పట్టని పాత ఓవెన్ ఉంటే బాగుచేయించండి. ఆ భయం న్యాయమైనదే.

అన్నట్టు, వంటింటి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మన దేశంలో 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు తీసి చూసిన పరిశోధకులకి కట్టెలు, పిడకలతో వండే ఇళ్లలో 30 దాటిన వాళ్లకి చూపు దెబ్బతినడం ఎక్కువగా కనిపించింది. మన అమ్మమ్మలు పొయ్యి ఊదుతూ కళ్లు తుడుచుకుంటూ గడిపిన ఏళ్ల గురించి ఎవరూ హెచ్చరిక సందేశాలు పంపలేదు. ఆ పొగ కంటికి కనపడేది, అలవాటైపోయింది. కనపడనిది అంటేనే మనకి భయం ఎక్కువ.

ఇక టీవీ. "దగ్గర కూర్చోకు, కళ్లు పోతాయి" అన్న మాట వినకుండా పెరిగిన వాళ్లు మనలో ఉండరు. దీనికీ ఒక కథ ఉంది. 1967లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ తన పెద్ద కలర్ టీవీల్లో కొన్నింటి నుంచి హద్దుకి మించి ఎక్స్‌రేలు వస్తున్నాయని ఒప్పుకుంది. సుమారు 90,000 సెట్లు. లోపల ఒక గొట్టానికి సరైన అడ్డు లేక ఆ కిరణాలు కింది వైపుకి పోయేవి. టీవీకి ఆరడుగుల దూరంలో కూర్చోమని అక్కడి అధికారులు చెప్పారు. మరుసటి ఏడాదే, 1968లో, రేడియేషన్ వచ్చే ఎలక్ట్రానిక్ వస్తువులన్నిటికీ హద్దులు పెడుతూ చట్టం తెచ్చారు. కంపెనీలు గొట్టాలు మార్చాయి, గాజులో సీసం కలిపాయి. మన ఊళ్లలో ఇంటింటికీ టీవీ వచ్చేసరికి ఎనభైలు. అప్పటికి ఆ చిక్కు తీరిపోయింది. కానీ ఇంట్లో పెద్దవాళ్ల నోటి వెంట జాగ్రత్త మాత్రం అలాగే ఉండిపోయింది, పుట్టిల్లు మర్చిపోయిన సామెతలాగా.

టీవీ తరవాత అనుమానం కంప్యూటర్ మీదకి మళ్లింది. 1977లో న్యూయార్క్ టైమ్స్ పత్రికాఫీసులో కొత్తగా తెచ్చిన కంప్యూటర్ తెరల ముందు పనిచేసే ఇద్దరు యువకులకి శుక్లాలు కనిపించాయి. తెర నుంచి వచ్చే రేడియేషనే కారణమని వాళ్లు, కాదని యాజమాన్యం. ప్రభుత్వ సంస్థ వచ్చి కొలిచింది. హద్దుల కంటే చాలా తక్కువే ఉందని తేలింది. అయినా తరవాత పదేళ్ల పాటు ఆఫీసుల్లో, ముఖ్యంగా టైపు పనిచేసే ఆడవాళ్లలో, ఆ భయం పోలేదు. కంప్యూటర్ ముందు అడ్డంగా తగిలించే ముదురు రంగు గాజు పలకలు గుర్తున్నాయా? అవి ఆ భయం అమ్ముడుపోయిన రూపం. మా ఇంటి మొదటి కంప్యూటర్‌కి కూడా ఒకటి ఉండేది, దాని మీద దుమ్ము తుడవడమే నా పని.

ఇప్పుడు ఫోను దగ్గరకి వద్దాం. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది. ఆ తరవాత ఆరేళ్లకి, 2001లో, జర్మనీలో ఆండ్రియాస్ స్టాంగ్ అనే పరిశోధకుడి బృందం ఒక పేపరు వేసింది. కంటి లోపలి పొరలో వచ్చే ఒక అరుదైన క్యాన్సర్ ఉన్న 118 మందిని తీసుకుని చూస్తే, వాళ్లలో మొబైల్ లాంటి రేడియో పరికరాలు వాడినవాళ్లు ఎక్కువగా కనిపించారు. ప్రపంచమంతా ఆ వార్త పాకింది. అదే స్టాంగ్ బృందం ఊరుకోలేదు. దాదాపు నాలుగు రెట్లు ఎక్కువమంది రోగులతో మళ్లీ చూసి 2009లో ఫలితం చెప్పింది: సంబంధం కనపడలేదు. ఆయన మీద నాకు చాలా గౌరవం కలిగింది. తన పేరు మోగించిన ఫలితాన్ని తనే పరీక్షకి పెట్టి, కాదని రాయడం మాటలు కాదు. కాకపోతే రెండో పేపరు మొదటిదానంత దూరం పాకలేదు. ఇప్పటికీ ఫార్వర్డ్ అయ్యే సందేశాల్లో ఉండేది ఆ మొదటిదే.

2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ విభాగం మొబైల్ తరంగాల్ని "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు" అనే వరసలో పెట్టింది. ఆ మాట మెదడులో గడ్డల గురించి, ఋజువు పరిమితంగానే ఉందని వాళ్లే రాశారు. కళ్ల ప్రసక్తి కాదది. మన ప్రభుత్వం 2012 సెప్టెంబర్ 1 నుంచి ఫోన్లకి గట్టి హద్దు పెట్టింది: ఒక గ్రాము శరీర కణజాలానికి లెక్కకట్టి, కిలోకి 1.6 వాట్లు మించకూడదు. మీ ఫోన్లో స్టార్, హాష్, 07, హాష్ నొక్కితే చాలా ఫోన్లలో ఆ అంకె కనపడుతుంది. పోపు వేగే లోపు చూసేయొచ్చు. 4జీ ఫోను పూర్తి శక్తితో పనిచేసినా వదిలేది వాటులో నాలుగో వంతు కంటే తక్కువ. కుందేళ్ల కళ్లు తెల్లబడ్డ వేడికీ దీనికీ పోలికే లేదు. అందులోనూ పిల్లలు కార్టూన్లు చూసేటప్పుడు ఫోను చెవికి ఆనదు, జానెడు దూరంలో ఉంటుంది. దూరం పెరిగిన కొద్దీ ఆ శక్తి వేగంగా తగ్గిపోతుంది.

మరి ఆ బంగారు బిళ్ల? అమెరికాలో వినియోగదారుల కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ 2002లోనే ఇలాంటి బిళ్లలు అమ్మిన కంపెనీల మీద కేసు పెట్టింది. పైగా సిగ్నల్‌కి అడ్డు పడితే ఫోను ఇంకా ఎక్కువ శక్తి వాడి గట్టిగా అరవాల్సి వస్తుందని చెప్పింది. డబ్బు పెట్టి రేడియేషన్ పెంచుకోవడమన్నమాట.

ఇంతవరకు వింటే "అయితే ఫోను మంచిదే, ఇచ్చేయొచ్చు" అనుకుంటారేమో. ఆగండి, పిల్లకి అద్దాలు వచ్చిన మాట నిజమే కదా. దానికి వేరే చరిత్ర ఉంది. కిరణాల కథ కంటే అదే నన్ను ఎక్కువ కూర్చోబెట్టింది.

1860లలో బ్రెస్లౌ అనే ఊరు ఉండేది, అప్పుడు ప్రష్యాలో, ఇప్పుడు పోలండ్‌లో. అక్కడి కంటి డాక్టరు హెర్మన్ కోన్ ఒక్కడే పూనుకుని 10,060 మంది బడి పిల్లల కళ్లు పరీక్ష చేశాడు. 1867లో ఆ లెక్కలు అచ్చువేశాడు. పల్లెటూరి బడుల్లో దూరం కనపడని పిల్లలు నూటికి ఒకరో ఇద్దరో. తరగతి పెరిగే కొద్దీ, పట్నం బడులకి వచ్చే కొద్దీ ఆ సంఖ్య పెరుగుతూ పోయింది. కాలేజీకి సిద్ధం చేసే పెద్ద బడుల్లో నాలుగో వంతు దాటింది. అప్పటికి ఫోను లేదు, టీవీ లేదు, ఆ బడుల్లో కరెంటు దీపం కూడా లేదు. చీకటి గదులు, వంగి చదవాల్సిన బల్లలు, చిన్న అక్షరాలు, పొద్దస్తమానం చదువు, ఇవే కారణమని కోన్ పోరాడాడు. బడుల్లో పెద్ద కిటికీలు, ఎత్తు సరిపోయే బల్లలు కావాలని అడిగాడు.

ఇంకో వందేళ్లకి అలాస్కాలో, మంచు ప్రాంతంలోని బారో అనే ఊళ్లో కళ్లు పరీక్ష చేశారు. 1969లో వచ్చింది ఆ పరిశోధన. పాతకాలం పద్ధతిలో బయట తిరుగుతూ పెరిగిన పెద్దవాళ్లు 131 మందిలో ఇద్దరికే దూరం మసక. బడికెళ్లిన వాళ్ల పిల్లలు, మనవల్లో సగానికి పైగా మసకే. ఒకే రక్తం, ఒకే ఊరు, ఒకటి రెండు తరాల తేడా. "మా వంశంలో ఎవరికీ అద్దాలు లేవు" అని అత్తగారు కోడలి వైపు చూసే చూపుకి ఇంతకంటే మంచి సమాధానం నాకు దొరకలేదు.

అయితే తప్పు పుస్తకానిదేనా? ఈ ప్రశ్నకి 2008లో ఒక చక్కని సమాధానం వచ్చింది. సిడ్నీలోనూ సింగపూర్‌లోనూ పెరుగుతున్న ఆరేడేళ్ల చైనా జాతి పిల్లల్ని పోల్చారు. సింగపూర్‌లో 29.1 శాతం మందికి దూరం కనపడదు, సిడ్నీలో 3.3 శాతానికే. విచిత్రమేమిటంటే సిడ్నీ పిల్లలే వారానికి ఎక్కువ పుస్తకాలు చదివారు! తేడా ఆరుబయట తిరగడంలో ఉంది. సిడ్నీ పిల్లలు వారానికి పదమూడున్నర గంటలకి పైగా బయట ఉంటే, సింగపూర్ పిల్లలు మూడు గంటలే.

బయట వెలుగులో ఏముంది? మన హాల్లో ట్యూబులైటు వెలుగు మహా అయితే మూడు నాలుగు వందల లక్స్. ఎండవేళ చెట్టు నీడలో నిలబడ్డా వేలల్లో ఉంటుంది, ఎండలో అయితే లక్ష వరకూ. ఆ గట్టి వెలుగు పడినప్పుడు కంటి వెనక రెటీనాలో డోపమైన్ అనే పదార్థం ఎక్కువగా ఊరుతుంది, అది కనుగుడ్డు పొడుగ్గా సాగిపోకుండా ఆపుతుందని పరిశోధకుల ఆలోచన. దూరం మసక అంటే గుడ్డు పొడుగెక్కి బొమ్మ రెటీనాకి ముందే పడటమే కదా. ఒకసారి సాగిన గుడ్డు వెనక్కి రాదు. అద్దాలు చూపు సరిచేస్తాయి గానీ పొడుగు తగ్గించవు. పవర్ మరీ ఎక్కువైతే పెద్దయ్యాక రెటీనా ఊడే ప్రమాదం, గ్లకోమా ప్రమాదం పెరుగుతాయి. ఏదో నంబరు పెరిగిందిలే అని వదిలేసేది కాదు.

తైవాన్ వాళ్లు దీన్ని పనిలో పెట్టారు. ఒక బడిలో ఇంటర్వెల్ గంట కొట్టగానే తరగతిలో లైట్లు ఆర్పి పిల్లలందర్నీ బయటికి పంపేశారు. ఏడాది తిరిగేసరికి ఆ బడిలో కొత్తగా దూరం మసక వచ్చింది 8.41 శాతానికి, పక్క బడిలో 17.65 శాతానికి. 2010 నుంచి దేశమంతా రోజుకి 120 నిమిషాలు బయట అని మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి పెరుగుతూ 2011లో 50 శాతానికి చేరిన చూపు తగ్గిన బడి పిల్లల సంఖ్య 2015కి 46.1కి దిగింది. చిన్న తగ్గుదలే, కానీ అంతకుముందు పెరగడమే తప్ప దిగింది లేదు.

దీనికి ఎదురు ఉదాహరణ 2020లో మనందరం చూశాం. కరోనా ఇంటి నిర్బంధం తరవాత చైనాలోని ఫైచెంగ్‌లో బడి పిల్లల కళ్లు చూస్తే, ఆరేళ్ల వాళ్లలో 21.5 శాతం మందికి దూరం మసక. అంతకుముందు ఐదేళ్లలో ఎప్పుడూ 5.7 దాటలేదు. ఫోను పాపం ఇక్కడ ఉంది. తెర నుంచి వచ్చే తరంగాల వల్ల కాదు, ముక్కు దగ్గర పెట్టించి, గంటల కొద్దీ గదిలో కూర్చోబెట్టినందుకు.

కళ్లు మంటలు, ఎర్రబడటం సంగతి వేరు. 1993లో జపాన్ డాక్టర్లు లెక్కపెడితే ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి 22 సార్లు రెప్ప వేస్తున్నాడు, పుస్తకం చదివేటప్పుడు 10, కంప్యూటర్ తెర ముందు 7. రెప్ప పడకపోతే కన్నీటి పొర ఆరిపోతుంది, అదే మంట. నీలి కాంతి ఆపే అద్దాలని వెయ్యి రూపాయలు ఎక్కువ పుచ్చుకుంటున్నారు కదా, 2023లో అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసిన సమీక్షలో వాటివల్ల కంటి అలసట తగ్గినట్టు తేలలేదు. ఆ వెయ్యితో ఒక షటిల్ సెట్టు వస్తుంది.

మన దగ్గర మాటేమిటంటారా? 2002లో వచ్చిన పరిశోధనల్లో మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో దూరం మసక 4.1 శాతం, ఢిల్లీ నగరంలో 7.4. మళ్లీ 2015లో ఢిల్లీ బడుల్లో చూస్తే 13.1. రోజుకి రెండు గంటలు బయట ఆడే పిల్లల్లో తక్కువని ఆ చివరి పరిశోధనలోనే ఉంది. పల్లె, పట్నం తేడా బ్రెస్లౌ డాక్టరు చెప్పినట్టే ఉంది చూశారా, నూట యాభై ఏళ్ల తరవాత కూడా.

ఇక్కడ నాకు ఆడపిల్లల గురించి దిగులుగా ఉంటుంది. మా కాంప్లెక్సులో సాయంత్రం అయిదున్నరకి పార్కింగ్ దగ్గర ఆడేది మగపిల్లలే. ఆడపిల్లలకి సంగీతం క్లాసు, ట్యూషన్, ఆపైన "పెద్దదవుతోంది, కిందకెందుకు". ఎండలో తిరిగితే నల్లబడుతుందన్న భయం ఒకటి. చదువులో ముందుండే పిల్ల అంటే ఇంకా గది దాటనివ్వం. దూరం బోర్డు కనపడటం లేదని ఆ పిల్ల చెప్పినా, అద్దాలు పెడితే రేపు సంబంధాలప్పుడు ఏమంటారో అని ఏడాది నానబెట్టిన ఇళ్లు నాకు తెలుసు. ఆ ఏడాదంతా పిల్ల కళ్లు చికిలించుకుంటూ మొదటి బెంచీలో చోటు కోసం వెతుక్కుంటుంది.

కింద ఫ్లోర్ పిల్ల ఇప్పుడు అద్దాలు పెట్టుకునే కిందకి దిగుతోంది. వదినగారు పార్కింగ్ గోడ మీద కూర్చుని చిక్కుళ్లు వలుస్తుంటారు, నేనూ నా గిన్నె పట్టుకుని వెళుతున్నాను. ఆరు దాటేదాకా ఎవరికీ ఫోను ఇవ్వకూడదని నలుగురం అనుకున్నాం. మొదటి వారం పిల్లలు గొడవ చేశారు, రెండో వారానికి కుంటుడు బిళ్ల గీతలు సుద్దతో సెల్లారు నేలంతా నిండిపోయాయి. అసోసియేషన్ వాళ్లు నేల పాడవుతోందని నోటీసు పెట్టారు. ఆ నోటీసుకి ఏం జవాబివ్వాలో ఆదివారం మీటింగులో చూడాలి.